గిటార్ మాస్టార్లకు బహిరంగ లేఖ: ఫ్రెడ్డీ గ్రీన్ కుర్చీలో కూర్చోవడం కూడా నేర్పండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో గిటార్ క్లాసులు నడిపే మాస్టార్లకూ, ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో అమెరికాలోని తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పేవారికీ, ఆ పిల్లల్ని స్కూలు జాజ్ బ్యాండ్‌లో చేర్పించిన తల్లిదండ్రులకూ నమస్కారం.

అమెరికాలో స్కూలు జాజ్ బ్యాండ్‌లో చేరిన పిల్లలకు గిటార్ పార్ట్ అని ఇచ్చే కాగితం మీద చాలాచోట్ల స్వరాలు ఉండవు. ఒక్కో బారులో (నాలుగు బీట్ల భాగంలో) నాలుగు ఏటవాలు గీతలు, వాటి మీద కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పేర్లు, అంతే. కొన్ని కాగితాల మీద పైన ‘ఫ్రెడ్డీ గ్రీన్ స్టైల్’ అని కూడా రాసి ఉంటుంది, అంటే కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ పద్ధతిలో అని. ఆ మాట చూసి పిల్లలు నేరుగా మీకు ఫోన్ చేస్తారు. ఆయన సోలో ఒక్కటి దొరికితే నేర్పేద్దామని మీరు వెతుకుతారు. దొరకదు. యాభై ఏళ్ళు ఒకే బ్యాండ్‌లో వాయించిన గిటారిస్టుకు చెప్పుకోదగ్గ సోలో లేకపోవడమేమిటని ఆశ్చర్యపోయి, చివరకు మామూలు బార్ కార్డ్‌లు (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి), పైకీ కిందకీ స్ట్రమ్మింగ్ చెప్పి పంపిస్తారు. రిహార్సల్లో బ్యాండ్ డైరెక్టర్ ఆంప్లిఫయర్ సౌండ్ తగ్గించమంటారు. మళ్ళీ తగ్గించమంటారు. మూడోసారి ఆపేయమంటారు. తనకు గిటార్ రాదేమోనని పిల్లవాడు అనుకుంటాడు. వాడికి గిటార్ వచ్చు. ఆ కుర్చీలో కూర్చుని చేయాల్సిన పనేమిటో వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే తేడా. అది చెప్పమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు మనిషి గురించి. ఫ్రెడ్డీ గ్రీన్ 1911 మార్చి 31న అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, చార్ల్‌స్టన్‌లో పుట్టారు. చిన్నప్పుడే న్యూయార్క్ చేరారు. మొదట పట్టింది బాంజో, తర్వాత గిటార్‌కు మారారు. గ్రెనిచ్ విలేజ్‌లోని బ్లాక్ క్యాట్ అనే క్లబ్బులో వాయిస్తుండగా జాన్ హ్యామండ్ విన్నారు. కొత్త కళాకారుల్ని వెతికి పట్టడంలో పేరున్న మనిషి ఆయన. పియానో వాద్యకారుడు, బ్యాండ్ నాయకుడు కౌంట్ బేసీ అప్పుడే కాన్సస్ సిటీ నుంచి తన బ్యాండ్‌తో న్యూయార్క్ వచ్చి ఉన్నారు. హ్యామండ్ మాట మీద 1937 మార్చిలో గ్రీన్‌ని తీసుకున్నారు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్న క్లాడ్ విలియమ్స్ గిటార్‌తోపాటు ఫిడేలూ వాయించేవారు. గ్రీన్ ఆ బ్యాండ్‌లో గిటార్ తప్ప ఇంకేమీ వాయించలేదు. 1984 ఏప్రిల్‌లో బేసీ పోయారు. ఆ తర్వాత కూడా గ్రీన్ అదే బ్యాండ్‌తో తిరుగుతూ, 1987 మార్చి 1న లాస్ వేగస్‌లో కన్నుమూశారు. మొత్తం యాభై ఏళ్ళు.

మధ్యలో ఒక్కసారి తెగింది. 1950లో పెద్ద బ్యాండ్‌ను పోషించలేక బేసీ చిన్న బృందానికి దిగారు, అందులో గ్రీన్‌కు చోటివ్వలేదు. కొన్నాళ్ళకు గ్రీన్ పిలవకుండానే గిటార్ పట్టుకుని వచ్చి కూర్చున్నారు. బేసీ పొమ్మనలేదు. 1952లో పెద్ద బ్యాండ్ మళ్ళీ లేచాక ఆ కుర్చీ ఇక ఆయనదే. ‘కార్నర్ పాకెట్’ అనే పేరున్న ట్యూన్ ఆయన రాసిందే. 1955లో ఆయన పేరు మీదనే ఒక ఆల్బమ్ రికార్డయింది, దాని పేరు ‘మిస్టర్ రిథమ్’. 1937లో గాయని బిల్లీ హాలిడే పాడిన రికార్డుల్లో కొన్నిటికి, 1938 జనవరి 16న కార్నెగీ హాల్‌లో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ పెట్టిన కచేరీలోని జామ్ సెషన్‌కు కూడా గిటార్ ఆయనదే. ఇంత చేసినా జాజ్ వినేవాళ్ళలో సగంమందికి ఆయన పేరు తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ‘బేసీ బ్యాండ్‌లో గిటారిస్టు’ అని ఊరుకుంటారు.

ఎందుకిలా? 1939లో చార్లీ క్రిస్టియన్ గుడ్‌మన్ బృందంలో ఎలక్ట్రిక్ గిటార్‌తో చేరాక గిటార్ అంటే సోలో వాద్యమన్న అభిప్రాయం బలపడింది. ఒక్కో తీగా మీటుతూ శాక్సఫోన్‌తో పోటీపడే వాద్యమైంది. ఆ తర్వాత పదేళ్ళలో రిథమ్ గిటార్‌ని, అంటే సోలో లేకుండా కార్డ్‌లతో లయ మోసే గిటార్‌ని, చాలా బ్యాండ్‌లు వదిలేశాయి. గ్రీన్ కూడా ఒకప్పుడు ఆంప్లిఫయర్ తెచ్చుకుని సోలోలు మొదలుపెట్టారట. ఆయన సోలోకు దిగగానే కింద లయ జారిపోవడం మొదలైంది. అది భరించలేక తోటివాళ్ళే ఆంప్లిఫయర్ పనిచేయకుండా చేసేవారని బేసీ బ్యాండ్ ట్రంపెట్ వాద్యకారుడు హ్యారీ ఎడిసన్ తర్వాత చెప్పారు. చివరకు గ్రీన్ దాన్ని వదిలేశారు.

మనవైపు ఇంకో కారణం కూడా ఉంది. మన సంగీతంలో తీగ వాద్యం అంటే రాగం పలికేది. వీణైనా, వయొలినైనా, పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్ గారి ఎలక్ట్రిక్ మాండొలిన్ అయినా అంతే. తీగ మీద చేయి వేస్తే పాట పలకాలి. గిటార్ క్లాసుకు పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులు నెల తిరగకుండానే ‘ఏదైనా పాట వాయిస్తాడా?’ అని అడిగేది అందుకే. తప్పేమీ లేదు. కానీ గ్రీన్ చేసిన పనికి మన దగ్గర సరైన పోలిక వీణలో లేదు, మృదంగంలో ఉంది. సర్వలఘువు అంటే ఏమిటో తెలిసినవారికి ఫ్రెడ్డీ గ్రీన్ సగం అర్థమైనట్టే. పాట ఎంత ఎగిరినా కింద కాలప్రమాణం నిండుగా, ఒత్తిడి లేకుండా, ఒకే నడకలో పోతూ ఉండాలి. పిల్లలకు ఈ పోలిక చెప్పి చూడండి, వెంటనే పట్టుకుంటారు.

బేసీ రిథమ్ విభాగంలో నలుగురు. పియానో బేసీ, బాస్ వాల్టర్ పేజ్, డ్రమ్స్ జో జోన్స్, గిటార్ గ్రీన్. పేజ్ బారుకు నాలుగు స్వరాలు నడిపించేవారు. జోన్స్ కాలపు బరువును బాస్ డ్రమ్ మీంచి తీసి, కాలితో నొక్కితే మూసుకునే హై-హ్యాట్ తాళాల మీద పెట్టారు. ఆ రెంటి మధ్య గ్రీన్ గిటార్ అతుకులా పనిచేసింది. బాస్‌కు లేని కొట్టుడు శబ్దాన్ని, హై-హ్యాట్‌కు లేని స్వరాన్ని అదొక్కటే ఇస్తుంది. దాంతో బేసీకి ఎడమచేతి పని తప్పిపోయింది. ఎడమచేయి లయంతా మోసే స్ట్రైడ్ పియానోలో పెరిగిన మనిషి, రెండు చేతులా నిండుగా వాయించగలవారు, అక్కడక్కడా రెండు మూడు స్వరాలు చిలకరించి ఊరుకోగలిగారు. ఆ పొదుపును అందరూ మెచ్చుకుంటారు. అది సాధ్యమైంది గిటార్ వల్లనన్న సంగతి మీ విద్యార్థులకు చెప్పండి.

ఇక చేతి పని.

బార్ కార్డ్ పూర్తిగా మానిపించాలి. ఆరు తీగలూ మోగితే అడుగు స్వరాలు డబుల్ బాస్‌తో, పై స్వరాలు పియానో కుడిచేతితోనూ ట్రంపెట్లతోనూ కలిసిపోయి బురదవుతుంది. పద్దెనిమిది మంది ఉన్న బ్యాండ్‌లో గిటార్‌కు మిగిలే చోటు మధ్యలో సన్నని సందు మాత్రమే. ఆ సందు నాలుగో తీగ, మూడో తీగల మీద ఉంది. అందుకే మూడు తీగల కార్డ్‌లు: ఆరో తీగ (అన్నిటికంటే లావుది), నాలుగో తీగ, మూడో తీగ. ఐదో తీగను ఆరో తీగ మీదున్న వేలి కొస తాకి మూసేస్తుంది. ఒకటి, రెండు తీగలను చూపుడువేలి అడుగు భాగం మెల్లగా ఆనుకుని మూస్తుంది.

జీ కీలో బ్లూస్‌తో మొదలుపెట్టండి. జీ7కు ఆరో తీగ 3వ ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ), నాలుగో తీగ 3వ ఫ్రెట్, మూడో తీగ 4వ ఫ్రెట్. అంటే జీ, ఎఫ్, బీ. నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు వరుసగా. ఇప్పుడు సీ7. ఆరో తీగ 3 దగ్గరే ఉండనివ్వండి. మిగతా రెండూ ఒక్కో ఫ్రెట్ కిందకు: నాలుగో తీగ 2, మూడో తీగ 3. జీ, ఈ, బీ ఫ్లాట్. అడుగున సీ లేదని పిల్లలు అడుగుతారు. ఆ సీ బాస్ దగ్గర ఉంది, మనం మళ్ళీ వాయించనక్కరలేదని చెప్పండి. ఇదే ఆకారాన్ని రెండు ఫ్రెట్‌లు పైకి జరిపితే డీ7: ఆరో తీగ 5, నాలుగో తీగ 4, మూడో తీగ 5. రెండే ఆకారాలతో పన్నెండు బార్ల బ్లూస్ పూర్తయింది. చేయి మెడ మీద ఒక జానెడు కూడా కదలలేదు.

తర్వాత రెండు–ఐదు–ఒకటి అనే, జాజ్‌లో తరచుగా వచ్చే కార్డ్‌ల వరుస. ఏ మైనర్ 7కు మూడు తీగలూ 5వ ఫ్రెట్ మీదే. డీ7కు వెళ్ళాలంటే నాలుగో తీగ ఒక్కటి 5 నుంచి 4కు దిగితే చాలు, మిగతావి కదలవు. అక్కణ్ణుంచి జీ మేజర్ 7కు నాలుగో తీగ 4 మీదే ఉంటుంది, ఆరో తీగ 3కు, మూడో తీగ 4కు వస్తాయి. చివర్లో నాలుగో తీగను 2కు దించితే జీ6. ఇప్పుడు నాలుగో తీగ ఒక్కదాన్నే విడిగా మీటించి వినిపించండి. జీ, ఎఫ్ షార్ప్, ఎఫ్ షార్ప్, ఈ. చిన్న పాటలా దిగుతుంది. ఈ నాలుగో తీగ లోపలి పాటే గ్రీన్ అసలు రహస్యం. ఆయన వాయిద్యాన్ని ఏళ్ళ తరబడి ఒక్కో కార్డ్ చొప్పున పరిశీలించినవారు తేల్చింది ఇది: చాలాచోట్ల ఆయన వేళ్ళు మూడు తీగల కార్డ్ ఆకారంలోనే ఉన్నా, గట్టిగా నొక్కింది నాలుగో తీగను మాత్రమే. మిగతావి తాకీ తాకనట్టు ఉండి ‘ఛక్’మనే చప్పుడు మాత్రమే ఇస్తాయి. వినేవారి చెవికి కార్డ్ మొత్తం వినిపించినట్టే ఉంటుంది, ఎందుకంటే మిగతా స్వరాలు బాస్‌లో, పియానోలో, హార్న్‌లలో ఉండనే ఉన్నాయి.

దీన్ని మూడు మెట్లలో నేర్పితే పిల్లలు తికమక పడరు. మొదట మూడు స్వరాలూ స్పష్టంగా మోగాలి. కొన్ని వారాలకు ఆరో తీగ మీద ఒత్తిడి తీసేసి రెండు స్వరాలు. చివరకు నాలుగో తీగ ఒక్కటే. తొందరపడి నేరుగా మూడో మెట్టుకు పోతే ఏ స్వరం ఎక్కడికి నడుస్తోందో విద్యార్థి చెవికి తెలియదు. అడ్డదిడ్డంగా దూకుతాడు. ఆ ఒక్క స్వరం అర ఫ్రెట్ అంత తప్పినా కప్పడానికి పక్కన ఇంకో స్వరం ఉండదు.

కార్డ్ మారనిచోట కూడా గ్రీన్ కదులుతూనే ఉండేవారు. కాగితం మీద రెండు బార్ల పాటు జీ అని మాత్రమే ఉందనుకోండి. రెండేసి బీట్లకు ఒకటి చొప్పున ఇలా పైకి నడవవచ్చు: జీ6 (ఆరో తీగ 3, నాలుగో తీగ 2, మూడో తీగ 4), ఏ మైనర్ 7 (5, 5, 5), బీ ఫ్లాట్ డిమినిష్డ్ (6, 5, 6), అడుగున బీ ఉన్న జీ (7, 5, 7). అడుగున జీ, ఏ, బీ ఫ్లాట్, బీ. పైన బీ, సీ, సీ షార్ప్, డీ. బ్యాండ్ ముందుకు పోతున్నట్టు అనిపించడానికి ఈ నడక చాలు. అయితే బాస్ వాయించే పిల్లలతో ముందే మాట్లాడుకోవాలి. వాళ్ళు అదే చోట వేరే దారిలో నడిస్తే ఆరో తీగ మోగనివ్వకూడదు. నిమిషానికి 200 బీట్లు దాటిన పాటల్లో ఈ నడక తగ్గించి ఒకటి రెండు ఆకారాల మీదే ఉండటం మంచిది.

కుడిచేతి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చెడిపోయేది అక్కడే. అన్నీ కింది దెబ్బలే. పైకి వచ్చేటప్పుడు పిక్ తీగలకు తగలకూడదు. కాస్త తగిలినా ‘చక–చక’ అని షఫుల్ పుట్టి హై-హ్యాట్‌తో గొడవ పడుతుంది. కదలిక మోచేతి నుంచి, మణికట్టు వదులుగా. ఫ్రెట్‌బోర్డ్ ముగిసేచోటికి దగ్గరగా కొట్టాలి, బ్రిడ్జి దగ్గర కొడితే గరుకుదనం వస్తుంది. దెబ్బను మూడో తీగ దగ్గర ఆపేయొద్దు. మూసిన తీగల మీదుగా చివరిదాకా పోనివ్వాలి. మధ్యలో ఆపబోతే ముంజేయి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చేయి వేగం పెరిగినప్పుడు ముందుకు పరిగెడుతుంది. నెమ్మది పాటల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది: ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య చేయి గాల్లో ఆగిపోయి, తర్వాతి దెబ్బ ఆలస్యంగా పడుతుంది. చేయి ఎప్పుడూ ఆగకూడదు, వేగాన్ని బట్టి కదలిక పెద్దదో చిన్నదో కావాలి.

స్వరం ఎంతసేపు మోగాలన్నది ఎడమచేతి పని. దెబ్బ పడగానే కార్డ్ మోగుతుంది, తర్వాతి బీట్ రాకముందే వేళ్ళ ఒత్తిడి వదలాలి. వేళ్ళు తీగల మీదనుంచి లేవకూడదు. లేస్తే ఖాళీ తీగలు మూలుగుతాయి. రెండు, నాలుగు బీట్ల మీద హై-హ్యాట్ మూసుకుంటుంది కాబట్టి అక్కడ గిటార్ కూడా కొంచెం పొట్టిగా, ఒక పిసరు బలంగా పడుతుంది. ఆ పిసరు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. రెండూ నాలుగూ విరగ్గొట్టినట్టు కొట్టి, ఒకటీ మూడూ వినపడకుండా చేస్తే స్వింగ్ పోయి పోల్కా అవుతుంది. గ్రీన్ రికార్డులు జాగ్రత్తగా వింటే నాలుగు బీట్లూ దాదాపు సమానంగానే ఉంటాయి.

సాధనకు మెట్రోనోమ్‌ను (తాళం కొట్టే యంత్రాన్ని) సగం వేగానికి పెట్టండి. పాట నిమిషానికి 120 అయితే మెట్రోనోమ్ 60కి, దాని చప్పుడు రెండు, నాలుగు బీట్ల మీద పడేలా. పది నిమిషాలు పన్నెండు బార్ల బ్లూస్ ఆపకుండా. అది కుదిరాక మెట్రోనోమ్ 30కి, బారుకు ఒక్క చప్పుడు, అది నాలుగో బీట్ మీద. ఇక్కడ తెలుస్తుంది చేయి ఎంత పరిగెడుతోందో. 120 దగ్గర నిలకడ వచ్చాక 160, 200కు పైకి, 90, 70కు కిందకు. 70 దగ్గర నిలబడటం 200 కంటే చాలా కష్టం. నీల్ హెఫ్టీ రాసిన ‘లిల్ డార్లిన్’ను బేసీ బ్యాండ్ 1957లో రికార్డు చేసింది ఆ చుట్టుపక్కల వేగంలోనే. ఆ నడకలో గ్రీన్ గిటార్ ఒక్కో దెబ్బా విడిగా వినిపిస్తుంది, ఒక్కటీ ముందుకు పడదు, వెనక్కి జారదు.

వాద్యం గురించి. గ్రీన్ వాయించింది ఎఫ్ ఆకారం రంధ్రాలున్న, పైచెక్క వంపు తిరిగిన ఆర్చ్‌టాప్ అకూస్టిక్ గిటార్. మొదట్లో ఎపిఫోన్ ఎంపరర్, తర్వాత బోస్టన్‌లో ఎల్మర్ స్ట్రాంబర్గ్ చేసిన 19 అంగుళాల వెడల్పున్న మాస్టర్ 400, చివరి దశాబ్దాల్లో గ్రెచ్ ఎల్‌డొరాడో. తీగలు ఫ్రెట్‌బోర్డ్ నుంచి చాలా ఎత్తులో ఉండేవి, మామూలు వేళ్ళకు నొక్కడమే కష్టం. ఆ ఎత్తు వల్ల ఎంత గట్టిగా కొట్టినా తీగ ఫ్రెట్‌కు తగిలి జరజరమనదు, గిటార్ గొంతు ముందుకు పోతుంది. గిటార్‌ను ఒళ్ళో పైకి వాల్చి పట్టుకునేవారు. వెనుక చెక్క పొట్టకు ఆనుకోదు కాబట్టి శబ్దం మూసుకుపోదు.

మన పిల్లలకు ఆర్చ్‌టాప్ దొరక్కపోతే పరవాలేదు. మామూలు అకూస్టిక్‌తో నేర్పవచ్చు, దాని మోత ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఎడమచేతి ఒత్తిడి ఇంకాస్త త్వరగా వదలాలి, అంతే. తీగల ఎత్తు గ్రీన్‌లా పెంచమని చెప్పొద్దు, లేత వేళ్ళు దెబ్బతింటాయి. కానీ సన్నని 9 నంబర్ సెట్‌లు కూడా పనికిరావు. బలంగా కొడితే ఆ తీగలు సాగి శ్రుతి పైకి పోతుంది. అకూస్టిక్ మీద 12 లేదా 13 నంబర్ సెట్ పెట్టించండి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే మూడో తీగ చుట్టుతీగే కావాలి. సన్న సెట్‌లలో మూడో తీగ చుట్టులేకుండా ఉంటుంది, అది మిగతా రెంటి కంటే బిగ్గరగా, కొంచెం శ్రుతి తప్పి బయటపడుతుంది. మూడు తీగల కార్డ్‌లో ఆ ఒక్కటి చెడితే కార్డంతా చెడినట్టే.

ఆంప్లిఫయర్ తప్పనిసరైతే బాస్ నాబ్ బాగా తగ్గించండి, డబుల్ బాస్ చోటు అది. రివెర్బ్ (ప్రతిధ్వని) పూర్తిగా ఆపేయాలి. బాక్స్‌ను నేల మీద కాకుండా కుర్చీ ఎత్తున పెట్టి వాయించేవారి చెవివైపు తిప్పితే తన సౌండ్ తనకు తెలుస్తుంది, పెంచాలన్న ఆత్రం ఉండదు. అకూస్టిక్‌కు మైక్ పెట్టేట్టయితే మెడ, ఒళ్ళు కలిసేచోటికి ఎదురుగా ఒక జానెడు దూరంలో ఒకటి చాలు. ఆ శబ్దాన్ని ముందుగా పంపాల్సింది డ్రమ్స్, బాస్ వాయించేవారికి, ప్రేక్షకులకు తర్వాత. కూర్చునే చోటు కూడా అదే లెక్క: హై-హ్యాట్‌కూ బాస్‌కూ చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో. స్టేజీకి ఇంకో చివరన కూర్చోబెడితే ఎంత మంచి చేయి అయినా వెనకబడుతుంది, శబ్దం చేరడానికే ఆలస్యం అవుతుంది కనుక.

రిహార్సల్లో గిటార్‌ను కాసేపు ఆపించి మళ్ళీ మొదలుపెట్టించండి. ఆగినప్పుడు బ్యాండ్ కింద నేల పలచబడినట్టు అనిపించాలి. గిటార్ ఆగిందని ప్రేక్షకులు వేలుపెట్టి చూపించగలిగితే మాత్రం అది మరీ బిగ్గరగా ఉన్నట్టే.

కాగితం చదవడంలో ఒక పెద్ద చిక్కుంది. చార్ట్‌లో జీ13 ఫ్లాట్ 9 అనో, సీ7 షార్ప్ 11 అనో రాసి ఉంటుంది. శ్రద్ధగల విద్యార్థి ఆ స్వరాలన్నీ పట్టడానికి వేళ్ళు మెలితిప్పి, ఈలోగా బీట్ పోగొట్టుకుంటాడు. ఆ 13లూ 9లూ హార్న్‌లకు రాసిన స్వరాలను బట్టి అరేంజర్ (బ్యాండ్‌లో ఎవరేం వాయించాలో రాసే మనిషి) పెట్టిన పేర్లు. అవి శాక్సఫోన్, ట్రాంబోన్‌ల చేతుల్లో ఉన్నాయి. గిటార్‌కు కావలసింది కార్డ్‌లోని మూడో స్వరం, ఏడో స్వరం. జీ13 ఫ్లాట్ 9 కనబడితే జీ7 ఆకారమే చాలు. దీన్ని తప్పించుకోవడం అనుకోవద్దు, అరేంజర్ కోరుకునేది కూడా ఇదే.

ఏది ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. బోసా నోవా, ఫంక్, రాక్ బీట్ పాటలకు ఈ పద్ధతి పనికిరాదు. చార్ట్ పైన ‘స్వింగ్’ అని ఉందా లేదా అన్నది మొదట చూడమనండి. పియానో వాయించే పిల్లలకూ రెండు మాటలు అవసరం. గిటార్ నాలుగు బీట్లూ మోస్తున్నప్పుడు వాళ్ళు ఎడమచేతితో బాస్ నడిపించకూడదు, కార్డ్‌లు బీట్‌కు అటూ ఇటూగా, తక్కువగా వేయాలి. ఇద్దరూ ఒకేసారి నింపబోతే బ్యాండ్ బరువెక్కి వెనక్కి లాగుతుంది, ఆ తప్పు ఎప్పుడూ గిటార్ మీదికే వస్తుంది.

వినిపించడానికి 1938లో కాన్సస్ సిటీ సిక్స్ పేరుతో చేసిన రికార్డులు అన్నిటికంటే మంచివి. అందులో పియానో లేదు. ఎలక్ట్రిక్ గిటార్ మీద ఎడ్డీ డరమ్, అకూస్టిక్ మీద గ్రీన్. ఒకే గదిలో రెండు గిటార్లు రెండు వేర్వేరు పనులు చేయడం స్పష్టంగా తెలుస్తుంది. వాటిలో ఒక పాట గ్రీన్ స్వయంగా పాడారు కూడా. లెస్టర్ యంగ్ క్లారినెట్, శాక్సఫోన్‌ల మీదికి చెవి పోతుంది, సహజమే. మొదటిసారి పోనివ్వండి. రెండోసారి పెట్టి, చేత్తో గిటార్‌తోపాటు నాలుగు బీట్లూ తొడ మీద వేయమనండి. మూడోసారి అకూస్టిక్ గిటార్ ఎక్కడ కార్డ్ మార్చిందో చెప్పమనండి. ఆ తర్వాత 1955 నాటి ‘కార్నర్ పాకెట్’, దాని తర్వాత ‘లిల్ డార్లిన్’. ఫోన్ స్పీకర్‌లో వద్దు, అందులో ఆ మధ్య స్థాయి మొత్తం ఎగిరిపోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టించండి.

మీ దగ్గర మేము కోరేవి మూడు పనులు. మొదటి ఏడాది పాఠంలో, గ్రేడ్ పరీక్షల పాటల మధ్యనే అయినా సరే, ఆరు–నాలుగు–మూడు తీగల కార్డ్‌లకు ఎనిమిది వారాలు కేటాయించండి. వారానికి ఒక క్లాసు చొప్పున అంతకంటే ఎక్కువ పట్టదు. రెండోది, మీ వార్షిక కార్యక్రమంలో సోలో వాయించినవారి పేర్లతోపాటు వెనక రిథమ్ వాయించినవారి పేరు కూడా కార్యక్రమ పత్రంలో వేయండి, మైక్‌లో చదవండి. ఆ కుర్చీలో ఈసారి మీ దగ్గర అందరికంటే బాగా వాయించేవారిని కూర్చోబెట్టండి, కొత్తగా చేరినవారిని వద్దు. కొత్తవారికి సోలో ఇస్తే తప్పులు వాళ్ళవి మాత్రమే అవుతాయి, రిథమ్ ఇస్తే అందరివీ అవుతాయి.

మూడోది తల్లిదండ్రులకు. పిల్లలు ఇంట్లో గంటసేపు ఒకే పన్నెండు బార్లు, ఒకే వేగంలో, పాట లేకుండా ‘ఛక్ ఛక్’ అని వాయిస్తూ ఉంటే వాళ్ళు కాలక్షేపం చేస్తున్నారనుకుని ఆపకండి. పక్కన కూర్చుని ఒక్కసారి చేత్తో తాళం వేసి చూడండి. పది నిమిషాల తర్వాత కూడా మీ చేయి, వాళ్ళ చేయి ఒకేచోట పడుతుంటే, వచ్చే వారం బ్యాండ్ డైరెక్టర్ దగ్గరకు ఆంప్లిఫయర్ లేకుండానే పంపించవచ్చు.

ఇట్లు,
రిథమ్ గిటార్ వాయించేవాళ్ళం, నేర్పేవాళ్ళం కొందరం